పదహారు మెట్లు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో సముద్రం ఒడ్డున 16 రాతి మెట్లున్నాయి. మన ఊళ్లలో ఏ కోనేటి మెట్లయినా ఇంతకన్నా అందంగా ఉంటాయి. మా అబ్బాయి ఉద్యోగం అక్కడ కావడంతో చూసొద్దామని వెళ్లిన నేను, ఆ మెట్ల దగ్గర గంటసేపు అలాగే నిలబడిపోయాను.

ఆ చోటు పేరు ఆప్రవాసీ ఘాట్. పూర్వం 'కూలీ ఘాట్' అనేవారు. ఓడ దిగిన కూలీలు ఈ మెట్లెక్కి, ఇక్కడి డిపోలో ఒకటి రెండు రోజులుండి, చెరకు తోటలకు వెళ్లేవారు. వంటశాల, ఆసుపత్రి, మరుగుదొడ్ల ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. చట్టం మారితే మారింది, చెరకు నరకడం ఆగదు కదా! అంతకు మూడు నెలల ముందే, 1834 నవంబరు 2న, కలకత్తాలో ఎక్కిన 36 మంది కూలీలతో 'అట్లాస్' అనే ఓడ ఇక్కడికి చేరింది. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం. తర్వాతి రోజుల్లో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేసేవారు. బానిసత్వమూ ఇదీ ఒకటేనని నేను అనను. వీళ్లకు గడువుంది, జీతముంది, వీళ్ల బిడ్డల్ని అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. కానీ వేలిముద్ర వేసినవాడికి కాగితంలో ఏముందో తెలియనప్పుడు ఆ తేడా ఎంతవరకు అక్కరకొచ్చిందో!

అలా వచ్చినవాళ్లు దాదాపు నాలుగున్నర లక్షల మంది. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లను అక్కడ 'కోరంగీలు' అనేవారు. ఇప్పటికీ వాళ్లు సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. ఉగాదికి దేశమంతా సెలవు.

"మీదే జిల్లా?" అని అడిగిందక్కడ ఒక తెలుగు పెద్దావిడ. ఆవిడ ముత్తాత పేరే ఇంటిపేరైపోయింది. ఊరు మాత్రం తెలియదు. చిత్తూరు అన్నాను గానీ, తర్వాత నాకే అనుమానమొచ్చింది. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. మారిషస్‌కు కూలీలను పంపడం 1910లోనే ఆగింది. ఆ రోజుల్లో పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటు జిల్లావి, మా మదనపల్లె కడప జిల్లాది. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన పాత రిజిస్టర్లలో మనవాళ్లను వెతకాలంటే ఆ పేర్లతో వెతకాలి. కుప్పం మీదుగా మద్రాసు వైపు రైలు 1864 నుంచే ఉంది. 1876-78 కరవులో ఆ రైలెక్కి రేవుకు పోయినవాళ్లు ఎంతమందో అనుకున్నాను.

ఆ మెట్ల మీద నాకు గుర్తొచ్చింది మాత్రం పాతవాళ్లు కాదు, మా వీధి చివరామె.

నేను ప్రయాణమయ్యే ముందురోజు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. కువైట్‌లో ఇంటి పని. "అక్కా, నువ్వు టీచరమ్మవు కదా, కొంచెం చూడు. నేను యాడ సంతకం పెట్టాల?" అంది. పుట్టినిల్లు పుంగనూరు. భర్త లేడు, కూతురు ఇంటర్ చదువుతోంది. సూట్‌కేసు సర్దుకునే హడావిడిలో పైపైన చూసి, "అంతా బాగానే ఉన్నట్టుందిలే" అన్నాను. నిజానికి నేను చదవలేదు.

తిరిగొచ్చిన రోజే ఆమెను పిలిపించాను. కళ్లజోడు పెట్టుకుని వరసగా చదివితే అందులో యజమాని పేరే లేదు. జీతం అంకె చోట ఖాళీ. వీసా చూస్తే పని వీసా కాదు, చుట్టపుచూపు వీసా. పదో తరగతి పాసవనివాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకు ముప్పయ్యేళ్లు నిండాలి. చుట్టపుచూపు వీసా మీద పోతే ఇవేవీ ఎవరూ అడగరు. రేపు అక్కడ జీతం ఎగ్గొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా మన దగ్గర చూపించడానికి కాగితముండదు.

"ఇవన్నీ రాసిస్తేనే సంతకం పెడతానని చెప్పు" అన్నాను. ఏజెంటు సరేనని వెళ్లాడు. నెల దాటింది, రాలేదు.

ఆమె ఇప్పుడు టమోటా మార్కెట్‌లో కాయలు ఏరే పనికి పోతోంది. ఆ కూలితో కూతురి ఫీజు కట్టలేదు. ఎదురుపడితే మునుపట్లా నవ్వడం లేదు. నన్ను తిట్టుకుంటోందేమో. తిట్టుకున్నా తప్పులేదు, దారి మూసిందాన్ని నేనే కదా. ఫీజు మొదటి విడత నేను కడతానన్నాను. "అప్పుగానే తీసుకుంటానక్కా. రాసిపెట్టు" అంది.

రాశాను. రాసింది రెండుసార్లు గట్టిగా చదివి వినిపించాను. ఆ తర్వాతే ఆమె సంతకం పెట్టింది.