నుదుటి మీద గన్ను, చంకలో థర్మామీటరు

ఈసారి కాఫీ రేటు గురించి కాదు, మిరియాల గురించి కాదు. మొహం గురించి రాస్తున్నాను. నవ్వకండి. కాఫీ పళ్లు కోసే రోజుల్లో, మన డుంబ్రిగుడలో తెల్లారుజామున చలి పది డిగ్రీల కిందకి దిగిపోయే రోజుల్లో, ఇంట్లో పిల్లలున్న ప్రతి ఒక్కరికీ ఇది కావాలి.

పోయిన డిసెంబరులో మా గుంటడికి ఒక తెల్లవారుజామున వణుకు పట్టుకుంది. తొమ్మిదేళ్లవాడు. ఈ చలికి వణక్క ఏం చేస్తాడు అనుకున్నాం. మా అమ్మ మాత్రం చొక్కా కింద చెయ్యి పెట్టి పొట్ట ముట్టుకుని, "లోపల కాలతంది రా" అంది. పక్క ఊళ్లో ఆ రోజు వైద్య శిబిరం ఉందంటే బండి మీద తీసుకెళ్లాను. బయల్దేరే ముందు వాడి మొహం చన్నీళ్లతో బాగా కడిగాను, నలుగురిలోకి వెళ్తున్నాం కదా అని. ఆరు కిలోమీటర్లు పొగమంచులో ప్రయాణం. వాణ్ణి ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టాను. గాలంతా వాడి మొహానికే.

అక్కడ ఒకాయన నుదుటికి గన్ను పెట్టాడు. 96.4 చూపించింది. "జ్వరం లేదు, చలికి వణుకుతున్నాడు, తీసుకుపో" అన్నాడు. నా గుండె మీద బరువు దిగింది. అమ్మ మాట కన్నా అంకె మీదే నమ్మకం కుదిరింది నాకు.

మధ్యాహ్నానికి ఒళ్లు పెనంలా కాలింది. సాయంత్రం చెమటలు పట్టి చల్లబడ్డాడు, లేచి చోడి అంబలి తాగాడు. తగ్గిపోయిందనుకుని పడుకున్నాం. మర్నాడు మళ్లీ వణుకు, మళ్లీ చెమట. మూడో రోజు ఆశా కార్యకర్త వచ్చి చంకలో థర్మామీటరు పెడితే 103 దాటింది. వేలు గుచ్చి కిట్టు మీద చుక్క వేస్తే గీత పడింది. ఫాల్సిపారం మలేరియా. మాత్రలు వేశారు, వాడు కోలుకున్నాడు, ఇప్పుడు బాగానే తిరుగుతున్నాడు. కానీ రెండు రోజులు చేతులారా పోగొట్టాను. ఫాల్సిపారం మెదడుకెక్కితే ఫిట్స్ వస్తాయి, తెలివి తప్పుతుంది. మన కొండల్లో ఆ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

కొన్నాళ్లు ఆ గన్ను పట్టుకున్నాయన్ని తిట్టుకున్నాను. తర్వాత ఉండబట్టలేక నేనే ఒక గన్ను కొన్నాను. తెలిసినవాళ్లని అడిగాను, పెట్టెలో ఉన్న కాగితం చదివించుకున్నాను. అప్పుడు అర్థమైంది.

ఈ గన్ను ఒంట్లోకి ఏమీ పంపదు. 2020లో కరోనా అప్పుడు సంతలోనూ బ్యాంకు గుమ్మంలోనూ దీన్ని చూసి, "మెదడు పాడవుద్ది" అని చెయ్యి చాపినవాళ్లు మనలో ఉన్నారు. అది ఉత్త భయం. చర్మం నుంచి బయటికొచ్చే వేడిని మాత్రమే అది పట్టుకుంటుంది. అంటే అది చూసేది చర్మం వేడిని, ఒంటి వేడిని కాదు. చల్లని గదిలో మంచి ఆరోగ్యంగా ఉన్న మనిషి నుదురు కూడా 92 ఫారెన్‌హీట్ దగ్గరే ఉండొచ్చు. అదే మనిషి ఒంట్లో 98 ఉంటుంది. మధ్యలో తేడాని గన్ను తనే లెక్క కట్టి కలిపి చూపిస్తుంది. నా గన్నులో రెండు రకాలున్నాయి. ఒక మీట నొక్కితే చర్మం వేడి ఉన్నదున్నట్టు చూపిస్తుంది, ఇంకోటి నొక్కితే కలిపి చూపిస్తుంది. ఆ కలపడం మామూలు గదిలో ఉన్న మనిషికి సరిపోయేలా పెట్టిన లెక్క. కొన్ని గన్నుల కాగితాల్లో 10 డిగ్రీల పైన వాడమని ఉంటుంది, కొన్నిట్లో 16 పైన అని. మన డిసెంబరు పొద్దుటి సంగతి ఆ లెక్క రాసినవాళ్లకేం తెలుసు?

కాఫీ రైతుకి ఇంకోలా చెప్తాను. పార్చ్‌మెంటు ఎండబెడతాం కదా. పైన పొట్టు ముట్టుకుంటే గలగలమంటుంది, ఎండిపోయిందనిపిస్తుంది. మీటరు పెడితే లోపల తేమ 10 శాతానికి దిగి ఉండదు. మొహం కూడా అంతే, పొట్టు చూసి గింజ సంగతి చెప్పలేం.

పైగా మొహం ఊరికే ఉండే పొట్టు కాదు. ఒంట్లో వేడి ఎక్కువైతే మొహం కింద రక్తనాళాలు తెరుచుకుంటాయి, వేడి రక్తం పైకొస్తుంది, నుదుట చెమట పడుతుంది, ఆ చెమట ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. దుక్కిలో మనకి ముందు తడిసేది నుదురే. చలి వేస్తే ముక్కు, చెవులు, వేళ్ల దగ్గర నాళాలు ముడుచుకుంటాయి, అందుకే ముక్కు కొస ముందు చల్లబడుతుంది. నుదుటి దగ్గర అంతగా ముడుచుకోవు. అక్కడి నుంచి వేడి పోతూనే ఉంటుంది. మన పెద్దోళ్లు తలకి గుడ్డ చుట్టుకునేది ఊరికే కాదు.

జ్వరం ఎక్కేటప్పుడు ఇంకో మాయ జరుగుతుంది. మెదడు "ఇంకా వేడి కావాలి" అని నిర్ణయించేస్తుంది. చర్మానికి రక్తం తగ్గించి వేడంతా లోపల దాస్తుంది, కండరాల్ని వణికించి ఇంకా వేడి పుట్టిస్తుంది. మలేరియా వణుకు అదే. ఆ గంటలో లోపల 102, 103 వైపు పోతుంటే చేతులూ మొహం చల్లగా ఉంటాయి. తర్వాత కాలుతుంది. ఆ తర్వాత చెమట పట్టి మొహం మళ్లీ చల్లబడుతుంది. మా వాణ్ణి నేను తీసుకెళ్లింది సరిగ్గా వణికే గంటలో, అదీ చన్నీళ్లతో కడిగి, గాలికి ఆరబెట్టి. గన్ను అబద్ధం చెప్పలేదు, వాడి చర్మం చల్లగానే ఉంది మరి.

ఇంట్లో నామీద నేనే పెట్టి చూసుకున్నాను. బండి దిగిన వెంటనే ఒక అంకె, పావుగంట ఇంట్లో కూర్చున్నాక ఇంకో అంకె. చలిమంట దగ్గర కూర్చుని లేస్తే జ్వరమే చూపించింది, నాకేమో ఏ జ్వరమూ లేదు.

అందుకని, గన్ను వాడాల్సి వస్తే పిల్లాణ్ణి లోపల గాలి తగలకుండా ఇరవై, ముప్పై నిమిషాలు కూర్చోబెట్టండి, నుదురు తుడిచి పొడిగా ఉంచండి. మణికట్టుకి పెట్టించుకోకండి, అక్కడ ఇంకా చల్లగా ఉంటుంది. పారాసెటమాల్ వేసి తీసుకెళ్తే ఆ మాట ముందే చెప్పండి, మాత్రకి అంకె దిగిపోతుంది. నేనైతే ఇప్పుడు చంకలో పెట్టే డిజిటల్ థర్మామీటరునే నమ్ముతున్నాను. చంక చెమట తుడిచి, చెయ్యి ఒంటికి అదిమి, బీప్ వచ్చేదాకా ఆగాలి. చంకలో 99.5 ఉన్నా పిల్లలకి జ్వరం కిందే లెక్క.

ఇంకొక్కటి, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అనిపించింది. చిన్నపిల్లల్ని చూసేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పద్ధతిలో, "జ్వరం వచ్చింది" అని తల్లి చెప్పినా జ్వరం కిందే రాసుకోమని ఉంది. ఒళ్లు చేతికి వేడిగా తగిలినా అంతే. థర్మామీటరు అంకె ఆ మూడిట్లో ఒకటి మాత్రమే. మా అమ్మ పొట్ట ముట్టుకుని అన్న మాట ఆ లెక్కలో జ్వరమే. నేను అక్కడ నోరు విప్పి, "మా అమ్మ కాలతందని అంది, రక్తం చూడండి" అని అడిగుంటే ఆ రోజే గీత పడేదేమో. జ్వరం వచ్చిన 24 గంటల్లోపు రక్తం చూపించమని ఆశా కార్యకర్తలు ఎన్నేళ్లుగానో చెప్తున్నదే. అడగండి. గన్ను ఎంత చూపించినా అడగండి.

నేను కొన్న గన్ను ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉంది, ఆవు ముట్టెకి పెట్టి ఎంతుందో చూసి నవ్వుకుంటున్నారు. థర్మామీటరు మాత్రం మా అమ్మ తన దగ్గరే పెట్టుకుంది. పడుకునే ముందు ఒకసారి మా గుంటడి చంకలో పెట్టి, అంకె నన్ను చదవమంటుంది.