కౌనస్ గాననాయకులు

లిథువేనియా దేశమున నేమునస్, నేరిస్ నదులు కలియుచోట కౌనస్ పట్టణమున్నది. అచ్చటి ఎఱ్ఱయిటుకల పెద్ద క్రైస్తవదేవాలయమును మేము దర్శించితిమి. యుయోజస్ నౌయాలిస్ 1892 మొదలు 1934లో మరణించువఱకు నిచ్చట ఆర్గను వాయించుచు గాయకబృందమును నడపెను.

ఆయన యౌవనమున దేశము రష్యా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. 1864 నుండి 1904 వఱకు లిథువేనియా భాషను లాటిన్ లిపిలో నచ్చొత్తించుట నిషిద్ధము. తల్లులు రాట్నము చెంతనే బిడ్డలకు రహస్యముగా చదువు నేర్పిరి.

1918లో స్వాతంత్ర్యము వచ్చెను. మఱుసటియేడు నౌయాలిస్ సంగీతపాఠశాలను స్థాపించెను. 1924లో కౌనసున జరిగిన మొదటి గానోత్సవమున సుమారు 3,000 మంది పాడగా, నడిపిన నాయకులలో నాయన ముఖ్యుడు. ఆయన శిష్యుడు కొన్రాదస్ కవేత్స్కస్ పారిస్‌లో విద్యనభ్యసించి వచ్చి, 1946లో విల్నియస్ గానోత్సవనాయకులలో నొకడయ్యెను. అప్పటికి దేశము మరల పరాధీనము. మైరోనిస్ కవి పద్యమునకు నౌయాలిస్ కూర్చిన గీతమును ప్రజలాదినములలో జాతీయగీతమువలె గౌరవించిరి. 1990లో స్వాతంత్ర్యము మరల ప్రకటింపబడెను. 2024లో గానోత్సవపు నూఱేండ్ల పండుగ జరిగెను.

సోదరీమణులారా! గాననాయకుడు సభలో తాను పాడడు. చేసైగతో నితరులచే పాడించును. రాట్నము చెంత తల్లి చేసినదియు నట్టి పనియే కదా!