రెండు ఫ్లాస్కులు, ఒకే మనిషి

మాది హోసూరు దగ్గర పల్లె. మా తాత గులాబీ తోట చూసుకునేవారు. నేను ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు తోటలో నన్ను పిలిచి, "దొడ్డికి పోతే రక్తం పడుతోంది పాపా. మొలలే లే. మీ అమ్మకు చెప్పొద్దు, ఊరికే భయపడుతుంది" అన్నారు. నేను చెప్పలేదు. ఎనిమిది నెలల తర్వాత ఆస్పత్రిలో పెద్దపేగు క్యాన్సర్ అన్నారు. అప్పటికే కాలేయానికి పాకింది. తాత ఆ ఏడాది దాటలేదు.

పేగులో పుట్టింది కాలేయానికి ఎందుకు పోయింది? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. పోయిన వేసవిలో మా పెద్దమ్మ కూతురు తను పనిచేసే బెంగళూరు ల్యాబ్‌కు నన్ను తీసుకెళ్ళింది. పేగుల నుంచి వచ్చే రక్తం ముందు కాలేయంలోంచే పోతుందట. గడ్డ నుంచి విడిపోయిన కణాలు చాలావరకు అక్కడే చిక్కుకుంటాయట.

అక్క రెండు ఫ్లాస్కులు చూపించింది. రెండింట్లోనూ ఎర్రటి ద్రవం. 37 డిగ్రీల వెచ్చదనంలో పెంచుతారు. మొదటిదాని పేరు ఎస్‌డబ్ల్యూ 480. మైక్రోస్కోపులో చూస్తే కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపుగా ఉన్నాయి. రెండోది ఎస్‌డబ్ల్యూ 620. ఇవి చిన్నవి, చాలావరకు గుండ్రంగా, ఎవరిదారి వారిదే అన్నట్టు విడివిడిగా ఉన్నాయి.

"రెండూ ఒకే మనిషివి" అంది అక్క.

ఆయన అమెరికాలో, యాభై ఏళ్ళ వయసు మనిషి. మొదటి కణాలు ఆయన పెద్దపేగు గడ్డ నుంచి తీశారు. జబ్బు తిరగబెట్టాక, ఏడాదికి, లింఫు గ్రంథి నుంచి రెండోవి తీశారు. టెక్సాస్‌లోని స్కాట్ అండ్ వైట్ క్లినిక్‌లో లీబోవిట్జ్ బృందం వీటిని పెంచి, 1976లో ప్రకటించింది. ఎస్, డబ్ల్యూ ఆ క్లినిక్ పేరే. ఎర్ర ద్రవం కూడా లీబోవిట్జ్ తయారుచేసిందే. ఆ రోగి పేరు మాత్రం అక్క చదివిన కాగితాల్లో లేదు. నాకు అది బాధగా అనిపించింది. ఆయన కణాలు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

కదలని కణం, కదిలే కణం ఒకే ఒంటివి కాబట్టి మధ్యలో ఏం మారిందో పోల్చి చూడొచ్చు. ఒక పరీక్షలో కణాలు అడుగంతా పరుచుకున్నాక సన్నని గొట్టం కొనతో మధ్యలో గీత గీస్తారు. ఆ ఖాళీని ఏవి తొందరగా పూడుస్తాయో ఫోటోలు తీస్తారు. ఇంకో పరీక్షలో చిల్లుల పొర పెడతారు. ఒక్కో చిల్లు మిల్లీమీటరులో వెయ్యి భాగాలు చేస్తే 8 భాగాలంత. అవతల తిండి ఉంటుంది. కణం ఒళ్ళు సన్నం చేసుకుని దూరాలి. మా ఇంటి పిల్లి తలుపు సందులో దూరినట్టే!

"అయితే ప్లాస్టిక్ మీద పెరిగేవి ఇవి. రక్తం లేదు, రోగనిరోధక శక్తి లేదు. ఇక్కడ పనిచేసిన మందు మనిషిలో పనిచేస్తుందని చెప్పలేం" అంది అక్క.

అప్పుడు అడిగేశాను. "అక్కా, నేను ఆరోజే చెప్పుంటే?"

అక్క వెంటనే పలకలేదు. "ముందే తెలిస్తే మంచిదే. నీకు అబద్ధం చెప్పను. కానీ ఆ రోజుకే పాకిందో లేదో ఎవరికి తెలుసు? నువ్వు పదకొండేళ్ళ పిల్లవే" అంది.

ఇంటికొచ్చాక, రాత్రి అమ్మ రాగులు చెరుగుతుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. అమ్మ చేట కింద పెట్టింది. "మీ అవ్వకూ తెలుసే" అంది. "మొలలే అనుకుని రోజూ మజ్జిగలో మెంతిపొడి కలిపిచ్చేది."