రాణి అన్న పేరు

తేనెపట్టులో రాణి అనగానే సింహాసనం మీద కూర్చుని ఆజ్ఞలిచ్చే ఆవిడే మనసులో మెదులుతుంది. నిజానికి ఆమె ఎవరికీ ఆజ్ఞ ఇవ్వదు. అరిస్టాటిల్ కాలంలో ఆమెను రాజనే అనుకున్నారు. 17వ శతాబ్దంలో డచ్ శాస్త్రవేత్త స్వామర్‌డామ్ కోసి చూసి, లోపల అండాశయాలున్నాయని చూపించాడు. రాజు కాదు, తల్లి.

ఆ తల్లి పుట్టుకే నన్ను కదిలిస్తుంది. కూలి ఈగా రాణీ ఒకే రకం గుడ్డులోంచి వస్తాయి. రాణి కావలసిన పిల్లకు మాత్రం చివరిదాకా రాయల్ జెల్లీ అనే తిండే, అదీ పుష్కలంగా. 16 రోజుల్లో రాణి బయటికొస్తుంది. కూలి ఈగకు 21 పడుతుంది. పెట్టే తిండిలో ఇంత ఉందా అని ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే!

ఇక బతుకంతా గుడ్లే. మంచి పూలకాలంలో రోజుకు 1,500 దాకా. తినిపించేదీ, ఒళ్ళు శుభ్రం చేసేదీ చుట్టూ ఉన్న కూతుళ్ళే. ఆమె ఒంటి వాసన వాళ్ళను అంటుకుని పట్టంతా పాకుతుంది. అమ్మ ఉందన్న కబురు అది. ఆ వాసన పలచబడిన నాడు కూతుళ్ళు కొత్త రాణి కోసం వేరుశనక్కాయ ఆకారంలో వేలాడే పెద్ద గది కట్టడం మొదలుపెడతారు. కొత్త రాణి వచ్చాక కూడా ఒక్కోసారి ముసలితల్లి కొన్నాళ్ళు కూతురి పక్కనే, అదే పట్టు మీద గుడ్లు పెడుతూ ఉంటుంది.