మనసు చదువుకు లెక్కలెందుకంటే

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, మా మనోహరాబాద్‌లో కబుర్లన్నీ దోస్త్ మీదికే మళ్లుతాయి. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ సీట్లకు ఆ ఆన్‌లైన్ విధానమే దారి కదా! ఈమధ్య మా వీధి అమ్మాయి "పెద్దనాన్నా, నేను సైకాలజీ తీసుకుంటున్నా" అంది. సంతోషం బిడ్డా, పక్కన ఏం పెట్టుకుంటావంటే, "ఏదైనా సరే, లెక్కలు లేకుంటే చాలు" అనేసింది.

అక్కడే వచ్చింది తంటా. 1879లో లైప్‌జిగ్‌లో వుంట్ అనే ఆయన ల్యాబ్ పెట్టి, చప్పుడు విన్న మనిషి మీట నొక్కడానికి ఎంతసేపు పడుతుందో కొలిచిన నాటి నుంచీ ఈ చదువు లెక్కల చేతిలోనే ఉంది. సగటు, సహసంబంధం తప్పవు. ప్రాక్టికల్సూ తప్పవు. అద్దంలో నక్షత్రం గీయించే ప్రయోగం ఉంటుంది చూడండి, భలే తమాషా. చెయ్యి కనపడకుండా అడ్డు పెడతారు. అద్దంలో చూస్తూ రెండు గీతల మధ్యన పెన్సిల్ నడపాలి. పైకి పోనిద్దామంటే కిందికి జారుతుంది. పక్కనొకరు స్టాప్‌వాచ్ పట్టుకుని, గీత దాటిన ప్రతిసారీ తప్పు వేస్తుంటారు. గీయగా గీయగా తప్పులు తగ్గుతాయి. అసలు విచిత్రం, కుడిచేత్తో సాధన చేస్తే ఎడమచెయ్యి కూడా కొంత నేర్చేసుకుంటుంది! ఇదంతా గ్రాఫ్ గీసి రికార్డులో ఎక్కించాలి మరి.

తోడు సబ్జెక్టు అంటారా, నన్నడిగితే సోషియాలజీ. మనిషితో పాటు అతని ఇల్లూ ఊరూ కూడా అర్థమవ్వాలిగా.

కంపెనీలో డ్యూటీ చేసుకుంటూ దూరవిద్యలో కట్టేద్దామనుకునేవాళ్లూ మా దగ్గర ఉన్నారు. ఆ తలుపు మూసుకుంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వస్తుందని, సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పొద్దని యూజీసీ 2025లో ఆదేశించింది. మంచిదే అంటాను, స్టాప్‌వాచ్ పోస్టులో రాదు కదా! కాకపోతే జీతం మానుకోలేని పిల్లల మాటేమిటో కూడా ఆలోచించాల్సింది.

ఇంకోటి, డిగ్రీ చేతికి రాగానే క్లినికల్ సైకాలజిస్టు బోర్డు కట్టేయడం కుదరదు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన పైచదువు ఉండాలి.

అందుకని వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి రైలెక్కి కాలేజీకి వెళ్లి రండి. సైకాలజీ ల్యాబ్ చూపించమనండి, స్టాటిస్టిక్స్ ఎవరు చెబుతారో అడగండి. రెండిటికీ నసిగారా, ఆ కాలేజీని ఆప్షన్లలో కిందికి దించండి.