ఐదున్నర శ్రుతి

మీర్‌పేట్‌లో సంగీతం మాస్టారుగా చేరిన రోజు నా సంచిలో డిప్లొమా సర్టిఫికెట్టూ, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టే ఉన్నాయి. సర్టిఫికెట్టును ఆఫీసులో జిరాక్సు తీసుకుని తిరిగిచ్చేశారు. దాంతో మళ్లీ పని పడలేదు. శ్రుతిపెట్టెను మాత్రం ఆరేళ్లు రోజూ మోశాను. దాని నాబ్ ఒకటిన్నర దగ్గర ఉండేది. బడిలో ఆ ఆరేళ్లూ ఒక్కసారి కూడా కదపలేదు. ఒకటిన్నర నా శ్రుతి, అంటే నేను షడ్జమం, 'స', పట్టే చోటు. మా గురువుగారి శ్రుతీ అదే. దాన్ని మార్చడమంటే ఇంటిపేరు మార్చుకున్నట్టు ఉండేది నాకు.

బడి పేరు చెప్పను. జిల్లెలగూడ నుంచి నందనవనం దాకా అలాంటివి వీధికొకటి కనిపిస్తాయి. కింద షట్టర్లు, పైన తరగతి గదులు, అన్నిటికీ పైన టెర్రస్ మీద రేకుల షెడ్డు. ఆ షెడ్డు నాది. సెక్షన్‌కు వారానికి ఒక పీరియడు, నలభై నిమిషాలు, యాభై మంది పిల్లలు. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడు లెక్కల సార్‌ది. అందుకు నేనేమీ బాధపడేవాణ్ణి కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలతో మొదలుపెట్టాను. పురందరదాసు ఏర్పరచిన బాట అని మా అందరి నమ్మకం, నేను నడిచిందీ అదే. నేను ఒకసారి పాడాలి, పిల్లలు తిరిగి పాడాలి. నా షడ్జమానికి బదులుగా వచ్చింది ఒక గొణుగుడు, రేకుల మీద అప్పుడే వాన మొదలైనట్టు. కొందరు ఎక్కడో పైన అందుకుని, తారస్థాయి దగ్గరికి వచ్చేసరికి అరుపుల్లోకి దిగేవారు. నలుగురైదుగురు ఎలాగో శ్రుతిలో కలిసేవారు. రెండు నెలల్లో తరగతిని మనసులో రెండుగా చీల్చేశాను. గొంతున్నవాళ్లు ముందు వరసలో, గొంతు లేనివాళ్లు వెనకాల. సంగీతం దేవుడిచ్చే వరమని మా వాళ్లంతా అనే మాటే కాబట్టి, వరం లేనివాళ్లకు నేనేం చేయగలను అనుకున్నాను.

కర్మన్‌ఘాట్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో బడి వార్షికోత్సవం. స్టేజీ మీద ఇరవై మంది బృందగానం. అందులో ఆరో తరగతి పిల్లవాడొకడు. వాణ్ణి తీసేద్దామంటే వాళ్ల అమ్మ అప్పటికే డ్రెస్సు కుట్టించింది. పక్కకు పిలిచి, "నువ్వు పాడొద్దు నాన్నా, పెదాలు కదుపు, చాలు" అన్నాను. వాడు తల ఊపాడు. తర్వాత వీడియో చూశాను. అందరికంటే బాగా నోరు తెరిచి, కళ్లు మెరిపిస్తూ పాడుతున్నట్టు కనిపించేది వాడే. ప్రిన్సిపాల్ మేడమ్ వాణ్ణే చూపించి, "ఆ బాబు ఎంత బాగా పాడాడండీ" అన్నారు. నేను నవ్వేశాను.

ఆరో ఏడు ఫిబ్రవరిలో నా గొంతు పోయింది. వారం రోజులు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. సెలవు పెడితే జీతం కోత కాబట్టి షెడ్డుకెక్కి, బోర్డు మీద స్వరాలు రాసి, ఏడో తరగతిలో ముందు వరస అమ్మాయిని లేపి పాడించమని సైగ చేశాను. శ్రుతిపెట్టె ఆన్ చేయాలన్న ధ్యాస కూడా లేదు. ఆ పిల్ల ఎక్కడ తోస్తే అక్కడ షడ్జమం పట్టింది. తరగతి అందుకుంది. నేను కిటికీ దగ్గర నిలబడి చెరువు వైపు చూస్తున్నాను. రెండో వరుస పూర్తయ్యాక గానీ నాకు తెలియలేదు, ఆ గొణుగుడు వినబడటం లేదని. తిరిగి చూస్తే వెనక బెంచీలు పాడుతున్నాయి. అన్ని గొంతులూ అచ్చంగా కుదిరాయని చెప్పను గానీ, నలభై మందైనా ఒకే చోట ఉన్నారు.

శ్రుతిపెట్టె ఆన్ చేసి, బడిలో మొదటిసారి నాబ్ తిప్పాను. రెండు, మూడు, నాలుగు, ఐదు దాటి ఐదున్నర దగ్గర పిల్లల షడ్జమంతో కలిసింది.

వారం తర్వాత మాట వచ్చాక వెనక బెంచీ వాణ్ణొకణ్ణి అడిగాను, అన్నాళ్లూ నాతో ఎందుకు పాడలేదని. వాడు నిలబడి, కాస్త భయంగా, "మీ పాట కిందికుంటది సార్. మాకు అందుతలేదు" అన్నాడు. కిందున్నది అందకపోవడమేమిటని పెద్దలకు అనిపిస్తుంది. పాటలో కిందా అందదు, పైనా అందదు.

లెక్క చాలా చిన్నది. మగ గొంతు పిల్లల గొంతుకంటే దాదాపు ఒక స్థాయి కింద ఉంటుంది. నేను ఒకటిన్నరలో పాడితే, నన్ను యథాతథంగా అనుకరించాలనుకున్న పిల్లలు నా స్థాయికే దిగాలని చూసి గొణిగారు. తెలివైనవాళ్లు ఒక స్థాయి పైన అందుకున్నారు. కానీ అక్కడి నుంచి తారస్థాయికి వెళ్లే పాటైతే ఆ చిన్న గొంతులకు అది నిచ్చెన చివరి మెట్టు. అరుపు తప్ప దారి లేదు. ఐదున్నరా, ఆరూ వాళ్ల గొంతుకు నడుమ పడతాయి, కిందికీ పైకీ చోటుంటుంది. అదంతా నాకు తెలియని విషయం కాదు. ఇంటికొచ్చి నేర్చుకునే ఆడపిల్లలకు ఐదులోనే చెప్పేవాణ్ణి. ఏ గురువైనా కొత్త శిష్యుణ్ణి అడిగే మొదటి ప్రశ్న "నీ శ్రుతెంత?" అన్నదే. ఎదురుగా ఒకరు కూచుంటే అడిగిన ప్రశ్నను యాభై మంది కూచుంటే అడగలేదు. యాభై మందైతే వాళ్లే నా శ్రుతికి రావాలి కదా అన్నట్టు.

నేను చదివిన కళాశాలను తప్పు పట్టడం లేదు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసును మొదటి ప్రిన్సిపాల్‌ని చేసినా, 1952లో హైదరాబాద్‌లో రాంకోఠి త్యాగరాజ కళాశాల వచ్చినా, ఉద్దేశం పాడేవాళ్లనూ వాయించేవాళ్లనూ తయారు చేయడం. నాలుగేళ్ల సర్టిఫికెట్టు, ఆపైన రెండేళ్ల డిప్లొమా. వర్ణాలు, కీర్తనలు, మనోధర్మం, 72 మేళకర్తలు. అదంతా కావలసిందే. అయితే ఆ డిప్లొమా చేతపట్టుకుని మాలో ఎక్కువమంది చేరేది కచేరీ వేదికల మీదికి కాదు, బడుల్లోకి. బీఎడ్ కోసం ఎడ్‌సెట్ రాసేవాళ్లు లెక్కలో, సాంఘికమో, ఇంగ్లిషో ఒక బోధనా పద్ధతి ఎంచుకుంటారు. ఆ పట్టికలో సంగీతం లేదు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య బోధించే పార్ట్‌టైమ్ మనిషి ఉండాలంటుంది. చాలాచోట్ల ఆ ఒక్క మనిషీ డ్రాయింగ్ మాస్టారే. ప్రోగ్రెస్ రిపోర్టులో కళలకు ఎదురుగా పడే గ్రేడును క్లాస్ టీచరు చేతిరాత చూసి వేస్తారని నా అనుమానం.

2023లో తెలంగాణ గురుకులాలకు సంగీతం టీచర్ల పోస్టులు నూటికి పైగా పడ్డప్పుడు మా తోటివాళ్లందరికీ పండగే. నా దగ్గర నేర్చుకున్న కుర్రాడొకడు ఫోన్ చేసి, ఏమేం చదవాలని అడిగాడు. తాళాలు, వాగ్గేయకారులు, లక్షణాలు అన్నీ వరసగా చెప్పాడు, వాడికొచ్చినవి. "నీ శ్రుతెంతరా?" అన్నాను. "రెండు సార్." "ఆరో తరగతి పిల్లలది?" అవతల కాసేపు ఫ్యాన్ చప్పుడు వినబడింది.

ఆ తర్వాతే కొడాయ్ గురించి చదివాను. హంగరీ స్వరకర్త, 1967లో పోయాడు. రాజధానిలో ఒపేరాను నడిపేదెవరన్నదానికంటే ఒక చిన్న ఊళ్లో పిల్లలకు పాట చెప్పేదెవరన్నది ముఖ్యమని వాదించినవాడు. వాయిద్యం కంటే ముందు గొంతు, శాస్త్రం కంటే ముందు వాళ్ల ఊరి పాట అన్నాడు. అయిదు స్వరాల పాటలు ముందు నేర్పమన్నాడు. నాకు వెంటనే మోహన రాగం గుర్తొచ్చింది. మాయామాళవగౌళలో రెండో అడుగే చిన్న రిషభం, షడ్జమానికి ఆనుకుని ఉంటుంది. కొత్త గొంతుకు అంత ఇరుకు సందులో నిలబడటం కష్టం. మోహనలో అడుగులు దూరం దూరంగా ఉంటాయి, తప్పటడుగు వేసినా పడిపోరు. ఇప్పుడు మొదటి టర్మ్ అంతా మోహనే. ఈ సంగతి తెలిసి మా గురువుగారు నెల రోజులు నా ఫోన్ ఎత్తలేదు.

హంగరీ దాకా పోనక్కర్లేదు కూడా. బతుకమ్మ రోజుల్లో చెరువు గట్టు మీద చూడండి. ఒకామె ఎత్తుకుంటుంది. నాలుగు మాటలు పడ్డాయో లేదో పక్కామె "జర పైకందుకో వదినా" అంటుంది. పాట ఆగదు, చప్పట్లు ఆగవు, శ్రుతి మాత్రం జరుగుతుంది. చంకలో పిల్ల కూడా అందుకుంటుంది. అదే మన జనగణమన దగ్గర చూడండి. పీటీ సార్ మైకు పట్టుకుని తన గొంతులో ఎక్కడో మొదలుపెడతారు. చివరి జయఘోష దగ్గరికి వచ్చేసరికి సగం బడి మౌనంగా ఉంటుంది, మిగతా సగం పోరాడుతూ ఉంటుంది. దేశభక్తికి లోటేమీ లేదు, స్థాయి అందడం లేదంతే.

ఐదున్నరలో చెప్పాలంటే నాకు కష్టమే. కిందికి తీసుకుంటే నా గొంతు పలకదు, పైకి తీసుకుంటే తారషడ్జమం దగ్గర చీలుతుంది. పిల్లలు నవ్వుతారు. అందుకే హార్మోనియం మీద పలికించి, పాడటం మాత్రం పిల్లల్లోనే ఒకరి చేత పాడిస్తాను. సంగీతం సార్ పాడడంటగా అని ఒక తండ్రి ప్రిన్సిపాల్‌ని అడిగాడని విన్నాను.

పెదాలు కదిపిన పిల్లవాడు నిరుడు ఎల్బీనగర్ మెట్రో మెట్ల దగ్గర కలిశాడు. డిగ్రీ అయిపోతోంది. నాకంటే ఎత్తు. వాళ్ల కాలేజీలో స్నేహితులంతా బ్యాండ్ పెట్టారట, సౌండ్ సిస్టమ్ వీడు చూస్తాడట. "నువ్వు పాడవా?" అన్నాను. "నాకు గొంతు లేదు కదా సార్" అన్నాడు, నవ్వుతూ, ఇద్దరికీ తెలిసిన సంగతేగా అన్నట్టు. చెప్పాలనుకున్నదేదో నోటి దాకా వచ్చింది. మెట్ల మీద జనం తోసుకుంటున్నారు. బ్యాగు సర్దుకుని, "వస్త సార్" అని పైకెక్కిపోయాడు.

ఈ మధ్య తరగతికి వెళ్లగానే హాజరు నేనే తీసుకుంటున్నాను. సంగీతం పీరియడులో హాజరెందుకని క్లాస్ టీచర్లకు అర్థం కాదు. "ప్రెజెంట్ సార్" అన్న రెండు మాటల్లో ఒక్కో గొంతూ ఎక్కడుందో దొరికిపోతుంది. పాడమంటే బిగుసుకుపోయేవాడు కూడా అది మామూలుగానే పలుకుతాడు. మొన్న ఎనిమిదో తరగతిలో ఒకడి "ప్రెజెంట్" సన్నగా మొదలై, "సార్" దగ్గర డబ్బాలో రాయి పడ్డట్టు కిందికి పడింది. తరగతంతా గొల్లుమంది. వాడు ఎర్రగా అయిపోయి తల దించుకున్నాడు. రిజిస్టర్‌లో వాడి పేరు పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుని, తర్వాతి నంబరు పిలిచాను.