పావుకిలో ఫోను



పోయిన వారం మందిరానికి కొవ్వొత్తులు కొనడానికి కిరాణా కొట్టుకు వెళ్ళాం. కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా ఖాళీగా కనబడింది. ఎందుకో బుద్ధి పుట్టి మా ఫోను తీసి దాని మీద పెట్టాం. కవరు, తెర మీద అతికించిన గ్లాసు, వెనక వేలు దూర్చుకునే రింగు, అన్నీ కలిపి 251 గ్రాములు చూపించింది. కొట్టాయన పెద్దగా నవ్వి, "పావుకిలో దాటిందండీ అయ్యగారూ, పొట్లం కట్టమంటారా?" అన్నాడు. మేమూ నవ్వాం. ఇంటికి వచ్చే దారిలో మాత్రం ఆ నవ్వు నిలవలేదు. మాకు ఫోను బరువంటే మా సంఘంలోని ఒక మామ్మగారి విరిగిన చెయ్యి గుర్తుకొస్తుంది. అందులో మా పాలు కూడా ఉంది.

మామ్మగారికి డెబ్బయ్యేళ్ళు దాటాయి. కొడుకూ కోడలూ కువైట్‌లో ఉంటారు. మా గోదావరి పల్లెల్లో ఇది ఇంటింటి కథే. ఆవిడ దగ్గర ఎన్నో ఏళ్ళుగా నోకియా 1100 ఉండేది. 2003లో వచ్చిన ఫోను అది, బరువు 86 గ్రాములు. దాన్ని రొంటిన దోపుకునే కోళ్ళకు గింజలు చల్లేవారు, అంట్లు తోమేవారు, ఆదివారం ఆరాధనకు వచ్చేవారు. ప్రార్థన మధ్యలో అది మోగితే మాకు కోపం వచ్చిన రోజులు కూడా ఉన్నాయి, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

కొడుకు సెలవు మీద వచ్చినప్పుడు పెద్ద తెర ఫోను తెచ్చి పెట్టాడు. కంపెనీ పేరు ఎందుకులెండి, అన్నీ అలాగే ఉన్నాయి. మామ్మగారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఇది ఫోనా అండీ, సన్నికల్లు పొత్రమా?" అన్నారు. ఆ పాత ఫోనే చాలన్నారు. నచ్చజెప్పింది మేమే. "మనవడి మొహం కనబడుతుంది కదా మామ్మగారూ" అన్నాం. పాత ఫోను పక్కన పెట్టించి, నంబరు కొత్తదాంట్లోకి మార్పించి, సిమ్ము మా చేతులతోనే వేశాం. ఫోను అందుకోగానే మా నోట వచ్చిన మొదటి మాట కూడా గుర్తుంది: "అబ్బో, బరువుగా ఉంది, మంచి సరుకే."

ఆ మాట ఎందుకన్నామో తరవాత చాలాసార్లు ఆలోచించాం. ఇత్తడి బిందె కొన్నా, బంగారం కొన్నా మనవాళ్ళు ముందు చేత్తో తూచి చూస్తారు. తేలిగ్గా ఉంటే డొల్ల అంటారు. మనిషిని కూడా బరువైన మనిషి అనే గౌరవిస్తాం. సెమినరీలో నేర్చుకున్న నాలుగు హెబ్రీ మాటల్లో మాకు బాగా మిగిలిపోయింది 'కాబోద్'. మహిమ అని అర్థం, కానీ దాని మూలంలో ఉన్నది బరువే. మన భాషకైనా వాళ్ళ భాషకైనా, బరువుంటే విలువుంటుందనే తలంపు అంత పాతది. ఫోను షాపుల వాళ్ళకు హెబ్రీ రాకపోయినా ఈ సంగతి తెలుసు.

మామ్మగారికి వేళ్ళ కీళ్ళు వాచి ఉంటాయి. పడుకుని మాట్లాడుతూ రెండుసార్లు ఫోను మొహం మీద పడేసుకున్నారు. రొంటిన దోపితే చీర కుచ్చిళ్ళే జారిపోతున్నాయట. అద్దం పగిలితే కొడుకు బాధపడతాడని చివరికి దాన్ని తువ్వాల్లో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేశారు. సాయంత్రం కొడుకు ఫోను చేసే వేళకు తీయడం, మళ్ళీ చుట్టి పెట్టడం. ఈ సంగతి మాకు తెలియదు. అడగలేదు.

వానాకాలంలో ఒక రాత్రి పెరట్లోకి వెళ్తూ మెట్టు మీద జారి పడ్డారు. మణికట్టు విరిగింది, లేవలేకపోయారు. పిలిస్తే వాన చప్పుడులో ఎవరికీ వినబడలేదు. తెల్లారి పాలబ్బాయి వచ్చేదాకా, సుమారు నాలుగు గంటలు, ఆ తడిలోనే ఉన్నారు. ఫోను ట్రంకుపెట్టెలో ఉంది, నిండుగా ఛార్జింగుతో.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని వచ్చాక ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "పాతది ఉంటే నడుం దగ్గరే ఉండేదండి" అని మాత్రం అన్నారు.

మా అన్నయ్యగారబ్బాయి రాజమండ్రిలో ఫోన్లు బాగుచేస్తాడు. అసలు ఇంత బరువు ఎక్కడినుంచి వస్తోందిరా అని అడిగాం. చచ్చిపోయిన ఫోనొకటి విప్పి బల్ల మీద పరిచాడు. మేము లోపలి యంత్రమే బరువనుకున్నాం. అది బిస్కత్తంత ఉంది. బరువంతా చుట్టూ ఉన్న వాటిదే. ఈ రోజుల్లో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఒక్కటే సుమారు 70 గ్రాములు తూగుతుంది, అంటే మామ్మగారి పాత ఫోను మొత్తానికి కాస్త తక్కువ. ఆ పాతదాంట్లో ఉన్నది 850 ఎంఏహెచ్. ఇంకా ముందూ వెనకా అద్దం, చుట్టూ చట్రం, నెత్తిన మూడు కెమెరాలు.

వాడు చెప్పిందాంట్లో మాకు బాగా పట్టింది ఇది. ఏ సౌకర్యమూ ఒంటరిగా రాదట. తెర పెద్దది చేస్తే అది వెలగడానికి బ్యాటరీ పెద్దది కావాలి. రెండూ పెరిగితే వంగకుండా చట్రం గట్టిపడాలి. వైరు లేకుండా ఛార్జింగు ఎక్కాలంటే వెనక లోహం పనికిరాదు, అద్దం పెట్టాలి. అద్దం జారుతుంది, పగులుతుంది, కాబట్టి మనం కవరు కొంటాం. కవరుతో చేతిలో పట్టదు, కాబట్టి రింగు అతికిస్తాం. పెళ్ళికి ఒక్కరిని పిలిస్తే ఇంటిల్లిపాదీ వచ్చినట్టు. పైగా కెమెరాలన్నీ పైభాగాన ఉండేసరికి ఫోను తల బరువై ముందుకు వాలుతుంది. ఆ వాలును ఆపేది కింద పెట్టిన చిటికెన వేలు. మాకు రాత్రిళ్ళు ఆ వేలు ఎందుకు లాగుతోందో అప్పుడు అర్థమైంది.

ఐఫోన్ల సంగతీ వాడే చెప్పాడు. 2014లో వచ్చిన ఐఫోన్ 6 బరువు 129 గ్రాములు. మరుసటి ఏడాది 6ఎస్ 143 అయింది. బ్యాటరీ పెరిగిందా అంటే లేదు, 1810 నుంచి 1715కు తగ్గింది. తెర మీద వేలు ఎంత గట్టిగా నొక్కామో కనిపెట్టే ఏర్పాటు చేర్చారు, ఆ బరువది. 2019లో ఐఫోన్ 11 నాటికి ఆ ఏర్పాటు తీసేశారు. ఆ ఫోను బరువు మాత్రం 194. తగ్గించాలనుకుంటే తగ్గించలేక కాదు. 14 ప్రో మ్యాక్స్ 240 గ్రాములుంటే, ఉక్కు చట్రం బదులు టైటానియం వేసిన 15 ప్రో మ్యాక్స్ 221కి దిగింది. అయితే దిగాక కూడా మామ్మగారి పాత ఫోనుకు రెండున్నర రెట్లు.

చేర్చినదల్లా బరువేనా అంటే అదీ కాదు. ఆ 1100కి నెత్తిన చిన్న టార్చి ఉండేది. దానికి ఎన్ని గ్రాములు పట్టి ఉంటాయి? కరెంటు లేని రాత్రి మామ్మగారు దాని వెలుగులోనే మందిరం నుంచి ఇంటికి వెళ్ళేవారు.

ఆ వారం దావీదు, గొల్యాతు భాగం మీద వాక్యం చెప్పాల్సి ఉంది. ఎప్పుడూ గొల్యాతు కవచం దగ్గర ఆగేవాళ్ళం. మన బైబిలులో ఐదు వేల తులాలని ఉంటుంది, ఇప్పటి లెక్కలో యాభై కిలోల పైమాటే. ఈసారి సౌలు దగ్గర ఆగిపోయాం. జనంలో అందరికంటే భుజాల పైకి ఎత్తయిన మనిషి, తన యుద్ధవస్త్రాలు తెచ్చి ఆ కుర్రవాడికి తొడిగాడు. ఆ గడియలో కీడు తలచి తొడగలేదు, కాపాడాలనే తొడిగాడు. కాకపోతే తన కొలతకు తొడిగాడు. దావీదు వేసుకుని చూసి, వీటితో నడవలేనని చెప్పగలిగాడు. మామ్మగారు కూడా చెప్పారు. మేమే వినలేదు. ఆ ఆదివారం ఈ మాట సంఘం ముందే ఒప్పుకున్నాం. మామ్మగారు రెండో వరసలో చేతికట్టుతో కూర్చుని, "ఊరుకోండి అయ్యగారూ" అన్నారు, అందరికీ వినబడేలా.

కొడుకుతో మేమే మాట్లాడాం. వాడు ఏడ్చాడు. పెద్ద ఫోను తీసెయ్యమన్నాడు. అది మామ్మగారు ఒప్పుకోలేదు, మనవడి మొహం అలవాటైపోయింది. మా యవ్వనస్థుల్లో ఒకబ్బాయికి వడ్రంగం వచ్చు. టేకు ముక్కతో మంచం పక్కన నిలబెట్టే చిన్న పీట చేశాడు. ఫోను అక్కడే కూర్చుంటుంది, ఎవరూ ఎత్తక్కర్లేదు. దానికి ఇంటర్నెట్టున్న వేరే సిమ్ము వేశాం. పాత నంబరు పాత ఫోనుకు తిరిగి వెళ్ళింది. ఇప్పటి సిమ్ములు చిన్నవి కదా, ప్లాస్టిక్ చట్రంలో పెట్టి ఎక్కించాల్సి వచ్చింది. బ్యాటరీ కొత్తది వేశాం. ఆన్ చేసి రింగు విన్నాక మామ్మగారు దాన్ని మా చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకుని రొంటిన దోపుకున్నారు.

మొన్న ఆదివారం ప్రార్థన మధ్యలో అది మళ్ళీ మోగింది. మామ్మగారు ఒంటిచేత్తో వెతుక్కుంటూ కంగారుపడ్డారు. మేము ప్రార్థన ఆపి, ఆవిడ తీసి మాట్లాడేదాకా నిలబడ్డాం. పాలబ్బాయి చేశాడు, రేపు పాలు ఎన్ని పొయ్యమంటారని.